జీ41 బోర్డులో మింట్ ఎక్కింది గానీ పాత హార్డ్ డిస్కు తీస్తే బూట్ కావడం లేదు

హంద్రీ_గట్టు (కర్నూలు)
అందరికీ నమస్తే. కల్లూరులో ఒక జిరాక్స్ అంగడి సిస్టమ్ ఇది. కోర్ 2 డ్యూయో ఈ7500, జీ41 చిప్‌సెట్ బోర్డు, డీడీఆర్3 ర్యామ్ 2 జీబీవి రెండు. 320 జీబీ హార్డ్ డిస్కులో విండోస్ 7 ఉండాది. దానికి తోడు 240 జీబీ ఎస్ఎస్‌డీ తగిలించి లినక్స్ మింట్ 22 ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించినా. ఎస్ఎస్‌డీ కొత్తది కాదు, ఒక ల్యాప్‌టాప్‌లోంచి తీసింది. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు రెండు డిస్కులూ తగిలించే ఉన్నాయి. 'సమ్‌థింగ్ ఎల్స్' తీసుకొని ఎస్ఎస్‌డీలో ఉన్న పార్టిషన్లన్నీ తీసేసి, మొత్తం ఒకే ఎక్స్‌టీ4 (లినక్స్ ఫైల్‌సిస్టమ్) పార్టిషన్ పెట్టినా. ఎర్రర్ ఏమీ రాలేదు. హార్డ్ డిస్కు పీకేసి ఆన్ చేస్తే మాత్రం 'రీబూట్ అండ్ సెలెక్ట్ ప్రాపర్ బూట్ డివైస్' అని నిలబడిపోతాంది. మళ్ళీ మొదట్నుంచి ఎక్కించల్లనా? లేకుంటే బోర్డు పాతదయ్యి ఎస్ఎస్‌డీని పట్టడం లేదా?

పెన్నేటి_ఇసుక (ప్రొద్దుటూరు)
మళ్ళీ ఎక్కించొద్దు. అదే పద్ధతిలో ఎక్కిస్తే అదే ఫలితం వస్తుంది, పైగా ఇప్పుడున్న ఆధారాలు కూడా చెరిగిపోతాయి.

ముందు మెషీన్ ఏ మెట్టు మీద ఆగిందో చూడాలి. మీరు చెప్పిన వాక్యం బయోస్ (ఆన్ చేయగానే బోర్డులో మొదట నడిచే ప్రోగ్రామ్) రాసేది. అంటే మింట్ దాకా, గ్రబ్ (మింట్‌ను లేపే బూట్ లోడర్) దాకా కూడా పని పోలేదు. తాను చూసిన డిస్కులో బూట్ కోడ్ దొరకలేదని బయోస్ అంటోంది. 'గ్రబ్ రెస్క్యూ' అని వచ్చి ఉంటే బూట్ కోడ్ ఉంది, దాని ఫైళ్ళు దొరకలేదని అర్థం. గ్రబ్ మెనూ వచ్చాక తెర నల్లబడితే అది కెర్నల్ (సిస్టమ్‌ను నడిపే మూల ప్రోగ్రామ్) సంగతో గ్రాఫిక్స్ సంగతో. 'ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్' అని బ్రాకెట్‌లో వచ్చి ఆగితే కెర్నల్ లేచింది గానీ రూట్ పార్టిషన్ కనపడలేదు, లేదా ఫైల్‌సిస్టమ్ దెబ్బతింది. ఈ నాలుగింటికీ మందులు వేరువేరు.

రెండు విషయాలు చెప్పండి. హార్డ్ డిస్కు మళ్ళీ తగిలిస్తే మింట్ లేస్తోందా? ఇన్‌స్టాలర్‌లో అడుగున 'డివైస్ ఫర్ బూట్ లోడర్ ఇన్‌స్టలేషన్' దగ్గర ఏ డిస్కు ఉండింది?

ఏడురోడ్లు (కడప)
బయోస్‌లో సాటా మోడ్ (బోర్డు డిస్కుతో మాట్లాడే పద్ధతి) ఐడీఈలో ఉంటాది, ఏహెచ్‌సీఐకి మార్చి చూడు అన్నా. ఎస్ఎస్‌డీలకు అదే కరెక్టు.

గడియారస్తంభం (అనంతపురం)
ఏడురోడ్లు, జీ41 బోర్డుల్లో ఎక్కువ భాగం ఐసీహెచ్7 (డిస్కులను చూసుకునే చిప్) వేసుకొని వస్తాయి. మామూలు ఐసీహెచ్7కి ఏహెచ్‌సీఐ లేదు, ఆ ఆప్షన్ వెతికినా బయోస్‌లో కనపడదు. ఐడీఈ మోడ్‌లో కూడా ఎస్ఎస్‌డీ బూట్ అవుతుంది, వేగం 3 జీబీపీఎస్ సాటా హద్దులో ఉంటుంది, అంతే.

ఇంకో జాగ్రత్త. ఆ ఆప్షన్ ఉన్న బోర్డుల్లో, ఐడీఈలో ఎక్కించిన విండోస్ 7ను తర్వాత ఏహెచ్‌సీఐకి మారిస్తే 0ఎక్స్7బీ నీలం తెర వస్తుంది. లినక్స్‌కు మామూలుగా ఈ బాధ ఉండదు. కాబట్టి 'మార్చి చూడు' అనే సలహా రెండు సిస్టమ్‌లున్న మెషీన్ మీద ఊరికే ఇవ్వకూడదు.

హంద్రీ_గట్టు (కర్నూలు)
హార్డ్ డిస్కు తగిలిస్తే గ్రబ్ మెనూ వస్తాంది, మింట్ సుబ్బరంగా లేస్తాంది, విండోస్ 7 కూడా మెనూలో ఉండాది. బూట్ లోడర్ దగ్గర ఎస్‌డీఏ అని ముందే ఉన్నింది, నేను ముట్టుకోలేదు. ఇప్పుడు చూస్తే ఎస్‌డీఏ 298.1జీ, ఎస్‌డీబీ 223.6జీ.

పెన్నేటి_ఇసుక (ప్రొద్దుటూరు)
దొరికింది. 298.1 అనేది మీ 320 జీబీ హార్డ్ డిస్కు, 223.6 అనేది 240 జీబీ ఎస్ఎస్‌డీ. మింట్ ఎస్ఎస్‌డీలో ఉంది, గ్రబ్ మాత్రం హార్డ్ డిస్కు మొదట్లో కూర్చుంది. ఇల్లు ఒకచోట, తాళంచెవి ఇంకోచోట. రెండూ తగిలించి ఉంటే హార్డ్ డిస్కులోని గ్రబ్, ఎస్ఎస్‌డీలోని పార్టిషన్‌ను దాని యూయూఐడీతో (పార్టిషన్‌కు ఉండే గుర్తింపు సంఖ్య) వెతికి పట్టుకుంటోంది. హార్డ్ డిస్కు తీసేస్తే బయోస్‌కు ఏమీ మిగల్లేదు.

రెండూ తగిలించి మింట్‌లోకి రండి. టెర్మినల్ తెరిచి, ముందు 'ఎల్ఎస్‌బీఎల్‌కే' కొట్టి సైజులు చూసుకోండి. ఎస్‌డీఏ, ఎస్‌డీబీ పేర్లు శాశ్వతం కాదు, కేబుల్ ఇంకో పోర్టుకు మారితే అవీ మారొచ్చు. ఎస్ఎస్‌డీ ఎస్‌డీబీయేనని ఖాయం చేసుకున్నాక:

సుడో గ్రబ్-ఇన్‌స్టాల్ /డెవ్/ఎస్‌డీబీ

చివర 1 పెట్టొద్దు. ఎస్‌డీబీ1 అంటే పార్టిషన్, ఎస్‌డీబీ అంటే డిస్కు. మనకు కావాల్సింది డిస్కు. (ఇక్కడ తెలుగు లిపి నియమం కాబట్టి కమాండ్లు పలికినట్టు రాస్తున్నా. కొట్టేటప్పుడు ఇంగ్లీషు చిన్నక్షరాల్లో కొట్టండి.)

హంద్రీ_గట్టు (కర్నూలు)
కొట్టినా. 'దిస్ జీపీటీ పార్టిషన్ లేబుల్ కంటెయిన్స్ నో బయోస్ బూట్ పార్టిషన్, ఎంబెడింగ్ వోంట్ బి పాసిబుల్' అని వచ్చి ఆగిపోయింది.

మల్లెల_అక్క (కర్నూలు)
ఎస్ఎస్‌డీ ల్యాప్‌టాప్‌లోంచి తీసిందన్నారు కదా, అందుకే. ల్యాప్‌టాప్ యూఈఎఫ్ఐది (బయోస్ స్థానంలో వచ్చిన కొత్త పద్ధతి) అయ్యుంటుంది, డిస్కు మీద జీపీటీ పట్టిక (పార్టిషన్లు ఎక్కడున్నాయో రాసుకునే కొత్త రకం జాబితా) ఉండిపోయింది. మీరు పార్టిషన్లు తీసేశారు, పట్టికను తీయలేదు. అవి రెండూ వేరు.

ఎంబీఆర్ అనే పాత రకం పట్టికలో మొదటి సెక్టార్‌కూ మొదటి పార్టిషన్‌కూ నడుమ ఖాళీ జాగా ఉంటుంది, గ్రబ్ తన రెండో భాగాన్ని అక్కడ దాచుకుంటుంది. జీపీటీలో 1 నుంచి 33 వరకు సెక్టార్లు మామూలుగా పట్టికకే పోతాయి. ఆ తర్వాతి ఖాళీని గ్రబ్ తనంతట తాను ముట్టుకోదు. 'బయోస్ బూట్' అనే రకంతో చిన్న పార్టిషన్ చేసి చూపించాలి. 1 ఎంబీ చాలు, దానికి ఫార్మాట్ అక్కర్లేదు.

మీ అదృష్టం ఏమంటే ఇప్పుడున్న పార్టిషన్‌ను జరపకుండానే దానికి చోటుంది. ఇప్పటి ఇన్‌స్టాలర్లు మొదటి పార్టిషన్‌ను 2048వ సెక్టార్ దగ్గర మొదలుపెడతాయి. 34 నుంచి 2047 వరకు 2014 సెక్టార్లు ఊరికే పడి ఉంటాయి, అంటే 1007 కేబీ. గ్రబ్‌కు అది ఎక్కువే.

ముందు పట్టిక చూడండి:

సుడో ఎస్‌జీడిస్క్ -పి /డెవ్/ఎస్‌డీబీ

ఎస్‌జీడిస్క్ లేదంటే జీడిస్క్ ప్యాకేజీ వేసుకోండి, అందులోనే వస్తుంది. మొదటి పార్టిషన్ 'స్టార్ట్' 2048 అని ఉంటేనే ముందుకు పోండి. తర్వాత పట్టికకు ఒక కాపీ తీసి పెన్‌డ్రైవ్‌లో పెట్టుకోండి, ఎస్‌జీడిస్క్‌కు -బి అని ఇచ్చి ఫైల్ పేరు, డిస్కు పేరు రాస్తే కాపీ వస్తుంది. ఆ తర్వాత:

సుడో ఎస్‌జీడిస్క్ -ఎ 1 -ఎన్ 2:34:2047 -టి 2:ఈఎఫ్02 /డెవ్/ఎస్‌డీబీ

-ఎ 1 మర్చిపోవద్దు. అది లేకుంటే ఎస్‌జీడిస్క్ 34ను 2048 లాంటి గుండ్రని అంకెకు జరుపుతుంది, అక్కడేమో చోటు లేదు. డిస్కు వాడుకలో ఉంది కాబట్టి కెర్నల్ ఇంకా పాత పట్టికనే చూస్తోందని హెచ్చరిక వస్తుంది, భయపడొద్దు. రెండు డిస్కులతోనే ఒకసారి రీస్టార్ట్ చేసి, మళ్ళీ గ్రబ్-ఇన్‌స్టాల్, దాని వెనక సుడో అప్‌డేట్-గ్రబ్. 'నో ఎర్రర్ రిపోర్టెడ్' అని రావాలి.

గడియారస్తంభం (అనంతపురం)
అక్కా, మొత్తం తుడిచి ఎంబీఆర్ పట్టిక వేసి ఎక్కించడం సులువు కదా? 240 జీబీ డిస్కుకు జీపీటీతో పనేముంది?

మల్లెల_అక్క (కర్నూలు)
డిస్కు ఖాళీదైతే నేనూ అదే చెప్తాను. 2 టీబీ దాటని డిస్కుకు పాత బయోస్ మీద ఎంబీఆర్ అన్నిటికంటే తక్కువ తలనొప్పి. ఇక్కడ మింట్ ఎక్కి నడుస్తోంది, ఒక్క లైన్‌తో పోయేదానికి మళ్ళీ ప్రింటర్, స్కానర్ డ్రైవర్లన్నీ వేయించడం దేనికి?

గుత్తి_కోట (అనంతపురం జిల్లా)
ఇక్కడే అడుగుతా, సమస్య దగ్గరదే. 945 చిప్‌సెట్ బోర్డు, డ్యూయల్ కోర్. 1 టీబీ హార్డ్ డిస్కును యూఎస్‌బీ కేసింగ్‌లో పెట్టి దాంట్లోకే మింట్ ఎక్కించినాము. బాగా నడిచింది. అప్‌డేట్ అయినాక 'అటెంప్ట్ టు రీడ్ ఆర్ రైట్ అవుట్‌సైడ్ ఆఫ్ డిస్క్ హెచ్‌డీ0' అని వస్తాంది. డిస్కు చెడిందా?

పెన్నేటి_ఇసుక (ప్రొద్దుటూరు)
డిస్కు బాగానే ఉండి ఉంటుంది. బయోస్ చూపు అందడం లేదు. పాత బయోస్‌లు కొన్ని సెక్టార్ నంబరును 28 బిట్లలో లెక్కపెడతాయి. 28 బిట్లు, సెక్టార్‌కు 512 బైట్లు అంటే 137 జీబీ. లోపలి సాటా డిస్కును దానికి మించి చూడగలిగిన బోర్డులు కూడా యూఎస్‌బీ డిస్కును చాలాసార్లు ఈ హద్దు దాకానే చదువుతాయి. గ్రబ్ కెర్నల్‌ను చదివేది బయోస్ ద్వారానే. కెర్నల్ లేచాక బయోస్‌తో పని లేదు, మొత్తం 1 టీబీ కనపడుతుంది.

ఎక్కించిన రోజు నడిచి అప్‌డేట్ తర్వాత ఆగడమే దీని గుర్తు. మొదటి కెర్నల్ ఫైల్ డిస్కు మొదట్లో పడింది, కొత్తది 137 జీబీ అవతల ఎక్కడో పడింది. గ్రబ్ మెనూ వస్తే 'అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్'లో పాత కెర్నల్ ఎంచుకోండి, లేచే అవకాశం ఎక్కువ. శాశ్వతంగా పోవాలంటే డిస్కు మొదట్లో 1 జీబీ ఎక్స్‌టీ4 పార్టిషన్ చేసి దాన్ని /బూట్‌గా (కెర్నల్ ఫైళ్ళు ఉండే చోటు) పెట్టాలి. ఉన్న పార్టిషన్‌ను జీపార్టెడ్‌తో వెనక్కి జరిపి చోటు చేయొచ్చు గానీ, 1 టీబీ జరగడానికి గంటలు పడుతుంది, నడుమ కరెంటు పోతే డేటా గోవిందా. యూపీఎస్ లేకుండా మొదలుపెట్టొద్దు. డేటా తక్కువుంటే కాపీ తీసుకొని కొత్తగా పార్టిషన్లు వేసుకోవడమే మేలు. అన్నిటికంటే తేలిక, కేసింగ్ విప్పి డిస్కును నేరుగా సాటా పోర్టుకు తగిలించి చూడటం.

గుత్తి_కోట (అనంతపురం జిల్లా)
పాత కెర్నల్‌తో లేచింది సార్. కేసింగ్ విప్పుతా.

హంద్రీ_గట్టు (కర్నూలు)
అక్కా, మీరు చెప్పినట్టే అంతా చేసినా. స్టార్ట్ 2048 ఉన్నింది. బయోస్ బూట్ పార్టిషన్ అయింది, గ్రబ్ 'నో ఎర్రర్ రిపోర్టెడ్' అనింది. హార్డ్ డిస్కు తీసి ఆన్ చేస్తే మళ్ళా అదే మాట! బయోస్‌లో ఎస్ఎస్‌డీ పేరు కనపడతాంది, ఫస్ట్ బూట్ డివైస్ కూడా అదే.

మల్లెల_అక్క (కర్నూలు)
అయితే ఇంకో మెట్టు ఉంది. కొన్ని పాత బయోస్‌లు డిస్కు మొదటి సెక్టార్‌లోని పట్టికలో 'యాక్టివ్' అని గుర్తున్న ఎంట్రీ ఒక్కటైనా ఉంటేనే ఆ డిస్కు బూట్‌కు పనికొస్తుందని ఒప్పుకుంటాయి. అది నిజానికి బయోస్ చూడాల్సిన పని కాదు, అయినా చూస్తాయి. జీపీటీ డిస్కు మొదటి సెక్టార్‌లో రక్షణ కోసం పెట్టిన ఒక ఉత్తుత్తి ఎంబీఆర్ ఉంటుంది, దాని ఎంట్రీకి ఈ గుర్తు మామూలుగా ఉండదు. గ్రబ్ కోడ్ అక్కడే ఉన్నా బయోస్ దాన్ని పిలవదు.

రెండు డిస్కులతో మింట్‌లోకి వచ్చి:

సుడో పార్టెడ్ /డెవ్/ఎస్‌డీబీ డిస్క్_సెట్ పీఎంబీఆర్_బూట్ ఆన్

డిస్క్, సెట్ నడుమ, పీఎంబీఆర్, బూట్ నడుమ అండర్‌స్కోర్ ఉంటుంది. జీపార్టెడ్‌లో పార్టిషన్ మీద 'బూట్' ఫ్లాగ్ టిక్ పెడితే సరిపోదు. జీపీటీలో ఆ టిక్ పార్టిషన్ రకాన్ని ఈఎస్‌పీగా (యూఈఎఫ్ఐ బూట్ పార్టిషన్‌గా) మార్చేస్తుంది. దాని జోలికి పోవద్దు.

హంద్రీ_గట్టు (కర్నూలు)
లేచింది! హార్డ్ డిస్కు లేకుండానే గ్రబ్ వచ్చి మింట్‌లోకి పోయింది. చానా థాంక్స్ అక్కా, పెన్నేటి అన్నా. ఒకటే చిన్న బాధ, నడుమ 'ఎ స్టార్ట్ జాబ్ ఈజ్ రన్నింగ్' అని ఒకటిన్నర నిమిషం లెక్కపెడతాంది. హార్డ్ డిస్కు ఉన్నప్పుడు ఇది లేదు.

గడియారస్తంభం (అనంతపురం)
ఇన్‌స్టాల్ చేసేటప్పుడు హార్డ్ డిస్కులోని డీ డ్రైవ్‌కు మౌంట్ పాయింట్ ఏదో ఇచ్చి ఉంటారు. /ఈటీసీ/ఎఫ్‌స్టాబ్ (ఏ పార్టిషన్‌ను ఎక్కడ తెరవాలో రాసుండే ఫైల్) తెరిస్తే ఎన్‌టీఎఫ్ఎస్ (విండోస్ ఫైల్‌సిస్టమ్) అని ఉన్న లైన్ కనపడుతుంది. ఆ డిస్కు కోసం సిస్టమ్‌డీ (బూట్ అయ్యేటప్పుడు పనులన్నీ మొదలుపెట్టే ప్రోగ్రామ్) 90 సెకన్లు ఎదురుచూస్తుంది. డిస్కు ఇక తగిలించరు అనుకుంటే ఆ లైన్ ముందు హ్యాష్ గుర్తు పెట్టండి. అప్పుడప్పుడు తగిలిస్తారంటే ఆప్షన్ల గడిలో కామా పెట్టి 'నోఫెయిల్', 'ఎక్స్-సిస్టమ్‌డీ.డివైస్-టైమ్‌అవుట్=5' అని రెండూ చేర్చండి, ఖాళీలు లేకుండా. రూట్ లైన్‌ను ముట్టుకోవద్దు.

పెన్నేటి_ఇసుక (ప్రొద్దుటూరు)
ఇంకొకటి, దీన్ని చాలామంది వదిలేస్తారు. గ్రబ్‌ను ఏ డిస్కులో పెట్టాలో ప్యాకేజీ గుర్తు పెట్టుకుంటుంది, ఇన్‌స్టాలర్ చెప్పిన పాత హార్డ్ డిస్కే ఇంకా దాని లెక్కలో ఉంది. రేపు గ్రబ్‌కు అప్‌డేట్ వస్తే అది లేని డిస్కును వెతుకుతుంది. ఎస్ఎస్‌డీ మొదట్లోని కోడ్ పాతదిగా ఉండిపోయి ఫైళ్ళు మాత్రం కొత్తవైతే 'సింబల్ నాట్ ఫౌండ్' అని గ్రబ్ రెస్క్యూలో పడతారు. ఇప్పుడే:

సుడో డీపీకేజీ-రీకాన్ఫిగర్ గ్రబ్-పీసీ

ప్రశ్నలకు ఎంటర్ కొడుతూ పోతే డిస్కుల జాబితా వస్తుంది. స్పేస్‌బార్‌తో ఎస్ఎస్‌డీ పక్కన మాత్రమే నక్షత్రం పెట్టి ఓకే.

ఏడురోడ్లు (కడప)
ఈ అవస్థంతా ఎందుకు, రూఫస్‌తో (బూట్ పెన్‌డ్రైవ్ చేసే టూల్) టీపీఎమ్ (సెక్యూరిటీ చిప్) చెకింగ్ తీసేసి విండోస్ 11 వేస్తే పోలా? మా దగ్గర అట్లనే చేస్తాండారు.

గడియారస్తంభం (అనంతపురం)
ఈ7500 మీద కాదు. రూఫస్ తీసేది ఇన్‌స్టాలర్ అడిగే టీపీఎమ్, సెక్యూర్ బూట్, ర్యామ్ తనిఖీలు. 24హెచ్2 వెర్షన్ నుంచి విండోస్ 11 కెర్నల్‌కే ఎస్ఎస్ఈ4.2, పాప్‌కౌంట్ అనే ప్రాసెసర్ ఆదేశాలు కావాలి. కోర్ 2 డ్యూయోలో 45 నానోమీటర్ల రకాలకు కూడా ఎస్ఎస్ఈ4.1 దగ్గరే ఆగిపోయింది. ప్రాసెసర్‌లో లేని ఆదేశాన్ని ఏ టూలూ తెచ్చిపెట్టలేదు, లోగో దగ్గరే ఆగడమో రీస్టార్ట్ అవుతూ ఉండటమో జరుగుతుంది. మొదటి తరం కోర్ ఐ3, ఐ5 నుంచి ఆ ఆదేశాలున్నాయి, వాటి మీద లేవొచ్చు. మైక్రోసాఫ్ట్ మద్దతు మాత్రం ఉండదు. విండోస్ 10కు మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో అయిపోయింది. నెట్‌లో ఉండే అంగడి మెషీన్‌కు ఇప్పుడు మింటే నయం.

ఏడురోడ్లు (కడప)
సరే అన్నా. అట్లయితే మా సిస్టమ్‌లో మింట్ వేస్తే గ్రబ్ మెనూ తర్వాత నల్ల తెర వచ్చే దానికేంది? జీఫోర్స్ 210 కార్డు ఉండాది.

పెన్నేటి_ఇసుక (ప్రొద్దుటూరు)
మెనూలో మింట్ మీద నిలబడి 'ఇ' నొక్కండి. 'లినక్స్'తో మొదలయ్యే లైన్‌లో 'క్వైట్ స్ప్లాష్' అన్న మాటల్ని తీసి, అక్కడ 'నోమోడ్‌సెట్' రాసి ఎఫ్10. తెర వస్తే గ్రాఫిక్స్ డ్రైవరే దోషి అని తేలిపోతుంది. అది ఆ ఒక్కసారికే. ఎప్పటికీ ఉండాలంటే /ఈటీసీ/డీఫాల్ట్/గ్రబ్‌లో రాసి అప్‌డేట్-గ్రబ్ చేయాలి. కానీ నోమోడ్‌సెట్‌తో తెర రిజల్యూషన్ తగ్గుతుంది, వీడియోలు నత్తనడక నడుస్తాయి. బోర్డులోనే వీజీఏ పోర్టు ఉంటే కార్డు పీకేసి దానికి తగిలించండి, ఇంటెల్ గ్రాఫిక్స్‌కు ఈ గొడవ తక్కువ. ఆ కార్డుకు ఎన్విడియా వాళ్ళు ఇచ్చిన చివరి డ్రైవర్ వరస 340, కొత్త కెర్నళ్ళతో అది పొసగదు. వెతుక్కుంటూ పోవద్దు.

నోమోడ్‌సెట్‌తోనూ రాకుంటే, 'క్వైట్ స్ప్లాష్' తీశారు కదా, తెర మీద చివరి లైన్లు ఫోటో తీసి పెట్టండి.

మల్లెల_అక్క (కర్నూలు)
పాత బోర్డులు కాబట్టి అందరికీ ఒక మాట. సాఫ్ట్‌వేర్ జోలికి పోయే ముందు సీఆర్2032 సెల్ (బోర్డు మీద ఉండే నాణెంలాంటి బ్యాటరీ) చూడండి. కొత్తది 3 వోల్టుల పైన ఉంటుంది, మల్టీమీటర్‌లో 2.8 కంటే తక్కువ చూపిస్తే మార్చేయండి. సెల్ అయిపోతే ప్లగ్ తీసినప్పుడల్లా బయోస్ సెట్టింగులు మొదటికొస్తాయి, బూట్ వరస మారుతుంది, నిన్న లేచింది ఈరోజు లేవదు. తేదీ వెనక్కి పోతే అప్‌డేట్లు 'నాట్ వాలిడ్ యెట్' అంటాయి, బ్రౌజర్ ప్రతి సైటుకూ సర్టిఫికెట్ తప్పు చూపిస్తుంది.

ఇన్‌స్టాల్ నడుమలో ఉన్నట్టుండి ఆఫ్ అయితే అది వేడి. మన ఎండలకు, దుమ్ముకు హీట్‌సింక్ రెక్కల నడుమ గోనెపట్టాలాగా పేరుకుంటుంది, పేస్ట్ ఎండి పొడి అవుతుంది. ఆఫ్ కాకుండా ప్రతిసారీ వేరువేరు చోట్ల ఎర్రర్ ఇస్తే ర్యామ్. మెమ్‌టెస్ట్ (ర్యామ్‌ను తనిఖీ చేసే ప్రోగ్రామ్) ఒక్క పూర్తి చుట్టైనా తిరగనివ్వండి, ఒక్క ఎర్రర్ వచ్చినా స్టిక్కులను ఒక్కొక్కటిగా పెట్టి చూడండి. డిస్కుకు స్మార్ట్ (డిస్కు తన ఆరోగ్యాన్ని తానే చెప్పే) రీడింగుల్లో 5, 197, 198 నంబర్లు (చెడిన సెక్టార్ల లెక్కలు) సున్నా ఉండాలి. 199 (డేటా వచ్చేదారిలో తప్పుల లెక్క) పెరుగుతూ పోతే ముందు సాటా కేబుల్ మార్చండి, చాలాసార్లు కేబులే.

హంద్రీ_గట్టు (కర్నూలు)
ఎఫ్‌స్టాబ్‌లో లైన్ ఆపేసినా, నిరీక్షణ పోయింది. గ్రబ్-పీసీలో ఎస్ఎస్‌డీకే నక్షత్రం పెట్టినా. సెల్ 2.6 చూపిస్తాంది, మారుస్తా. చివరగా ఒకటి: ఆ హార్డ్ డిస్కులో విండోస్ 7, పాత బిల్లులు ఉండాయి. దాన్ని ఒక్కదాన్నే ఇదే బోర్డుకు తగిలిస్తే గ్రబ్ రెస్క్యూ వస్తాంది.

పెన్నేటి_ఇసుక (ప్రొద్దుటూరు)
రావాల్సిందే. దాని మొదట్లో ఉన్న గ్రబ్ ఇప్పుడు ఎస్ఎస్‌డీలోని ఫైళ్ళ కోసం వెతుకుతోంది, ఎస్ఎస్‌డీ లేదు. విండోస్ 7 డీవీడీతో బూట్ చేసి, 'రిపేర్ యువర్ కంప్యూటర్'లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి 'బూట్‌రెక్ /ఫిక్స్‌ఎంబీఆర్' కొట్టండి. అప్పుడు ఎస్ఎస్‌డీ కేబుల్ తీసే ఉంచండి, లేకుంటే అది తప్పు డిస్కు మీద పడొచ్చు. ఇది మొదటి సెక్టార్‌లోని కోడ్‌ను మాత్రమే మారుస్తుంది, పార్టిషన్ పట్టికను ముట్టుకోదు. బిల్లులు మాత్రమే కావాలంటే ఇదంతా అక్కర్లేదు. మింట్ నడుస్తుండగా యూఎస్‌బీ కేసింగ్‌లో పెట్టి కాపీ చేసుకోండి. విండోస్ 7ను హైబర్నేట్ చేసి ఆపి ఉంటే మింట్ దాన్ని చదవడానికే తెరుస్తుంది, రాయనివ్వదు. కాపీకి అది చాలు.